"హర్ జాబ్ ఈజ్ టీచింగ్": ఇందులో ఈజ్ లింకింగా, హెల్పింగా?

గుణుపురం అమ్మ
ఆదివారం, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ గుణుపురంలోనే ఏడో తరగతి చదువుతోంది. పాఠాలు ఇంగ్లిషులో, ఆటలు ఒడియాలో, అలకలు తెలుగులో. మొన్న ఇంగ్లిషు పరీక్షలో పది వాక్యాలిచ్చి, గీత గీసిన మాట లింకింగ్ వెర్బో (కలిపే క్రియ) హెల్పింగ్ వెర్బో (ఇంకో క్రియకు తోడు వచ్చే క్రియ) రాయమన్నారు. తొమ్మిదింటికి మార్కులు పడ్డాయి. పోయినది ఇదీ:

"హర్ జాబ్ ఈజ్ టీచింగ్."

మా అమ్మాయి ఈజ్‌ను లింకింగ్ అని రాసింది. ఎర్రసిరాతో కొట్టేసి "హెల్పింగ్" అని దిద్దారు. ఎందుకని అడిగితే, పక్కన ఐఎన్‌జీ ఉంటే హెల్పింగే అని చెప్పారట. అదే కాగితంలో నాలుగో వాక్యం "షి ఈజ్ టీచింగ్". దానికీ జవాబు హెల్పింగే.

మార్కు సంగతి వదిలేయండి. పిల్ల రెండు రోజులుగా "అయితే ఆ రెండూ ఒకటేనా అమ్మా" అని వెంటపడుతోంది. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఒకటి కాదని తెలుస్తోంది కానీ ఎందుకు కాదో చెప్పడం రావడం లేదు.

(ఇంగ్లిషు వాక్యాలు తెలుగు లిపిలోనే రాశాను. ఫోనులో లిపి మార్చే లోపల అడగవలసినది మరచిపోతున్నాను.)

బరంపురం అభ్యర్థి
రాత్రి 9:05

దిద్దినవారిదే సరి. నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను, మాకూ ఇలాగే చెప్పారు. హెల్పింగ్ వెర్బులు మొత్తం 23. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బి, బీయింగ్, బీన్ ఎనిమిది. హావ్, హ్యాజ్, హ్యాడ్ మూడు. డు, డజ్, డిడ్ మూడు. కెన్, కుడ్, షల్, షుడ్, విల్, వుడ్, మే, మైట్, మస్ట్ తొమ్మిది. ఈజ్ ఈ పట్టికలో రెండోది. పాపతో బట్టీ పట్టించండి, ఇక ఎప్పుడూ పొరబడదు.

రాయగడ రైలు
రాత్రి 9:11

పట్టిక బాగుంది. "ది ట్రైన్ ఈజ్ లేట్" అన్నప్పుడు ఆ ఈజ్ ఎవరికి సాయం చేస్తోందమ్మా? బండికా, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకా?

బరంపురం అభ్యర్థి
రాత్రి 9:13

అది లింకింగ్.

రాయగడ రైలు
రాత్రి 9:14

మరి పట్టికలోంచి ఏ స్టేషన్లో దిగింది?

పర్లాకిమిడి మాస్టారు
రాత్రి 9:47

గుణుపురం అమ్మగారూ, మీ అమ్మాయి రాసినదే సరైన జవాబు. మార్కు రాకపోయినా ఆ మాట మాత్రం పిల్లకు ఈ రాత్రే చెప్పండి. సరిగ్గా రాసి తప్పనిపించుకున్న పిల్ల, తర్వాత తప్పు రాయడం నేర్చుకుంటుంది. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ని, ఇది కళ్లారా చూశాను.

"షి ఈజ్ టీచింగ్." ఇక్కడ కర్త ఆమె. జరుగుతున్న పని పాఠం చెప్పడం. ఆ పని ఇప్పుడు నడుస్తోందని తెలపడానికి ఈజ్ తోడు వచ్చింది. అసలు క్రియ టీచ్, ఈజ్ దానికి తోడు. అందుకే హెల్పింగ్.

"హర్ జాబ్ ఈజ్ టీచింగ్." ఇక్కడ కర్త ఆమె కాదు, ఆమె ఉద్యోగం. ఉద్యోగం సుద్దముక్క పట్టుకుని పాఠం చెబుతుందా? చెప్పదు. టీచింగ్ ఇక్కడ పని పేరు, అంటే నామవాచకం. ఇంగ్లిషు వ్యాకరణంలో జెరండ్ అంటారు. ఉద్యోగం ఏమిటి, బోధన. రెండు పేర్ల మధ్య ఈజ్ వంతెనలా ఉంది. వాక్యంలో ఇంకో క్రియ లేనే లేదు, ఇక ఈజ్ సాయం చేయవలసింది ఎవరికి?

పిల్లకు ఇలా చేసి చూపించండి. వాక్యాన్ని తిరగేయమనండి. "టీచింగ్ ఈజ్ హర్ జాబ్" నిలుస్తుంది. "టీచింగ్ ఈజ్ షి" నిలవదు.

ఇక పట్టిక సంగతి. మా వీధిలో ఒకాయన తెల్లవారుజామున పాలు పోస్తాడు, ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లలో సన్నాయి ఊదుతాడు. ఆయన పేరు పాలవాళ్ల జాబితాలో చూసి, సన్నాయి ఊదుతుండగా లీటరు పాలు పోయమంటే ఎలా ఉంటుంది? లింకింగ్, హెల్పింగ్ అనేవి మాటలకు పుట్టుకతో వచ్చిన పేర్లు కావు. ఆ వాక్యంలో ఆ పూట ఆ మాట చేస్తున్న పనికి పేర్లు.

బరంపురం అభ్యర్థి
రాత్రి 9:58

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. తిరగేయడం మాకు ఎవరూ చెప్పలేదు.

గుణుపురం అమ్మ
రాత్రి 10:06

చాలా ధన్యవాదాలు మాస్టారూ. పిల్ల ఇంకా పడుకోలేదు, చదివి వినిపించాను. వెంటనే తన పాఠ్యపుస్తకం తెచ్చి ఇంకో వాక్యం ముందు పెట్టింది. "ది స్టోరీ ఈజ్ ఇంటరెస్టింగ్." తిరగేస్తే "ఇంటరెస్టింగ్ ఈజ్ ది స్టోరీ" అని వస్తోంది, అది ఇంగ్లిషులా లేదు. "అంటే ఇది హెల్పింగ్ కదా" అంటోంది. మళ్లీ ఇరుక్కున్నాను.

బరంపురం అభ్యర్థి
రాత్రి 10:15

ఇది నేను చెబుతాను, ఇందాకటి తప్పుకు పరిహారంగా. తిరగేసే పరీక్ష పేరుకు, పేరుకు మధ్యే పనిచేస్తుంది. ఇంటరెస్టింగ్ పేరు కాదు, విశేషణం. విశేషణాన్ని పట్టుకోవడానికి మధ్యలో వెరీ పెట్టి చూడాలి. "ది స్టోరీ ఈజ్ వెరీ ఇంటరెస్టింగ్" బాగుంది. "షి ఈజ్ వెరీ టీచింగ్" ఎవరూ అనరు. ఈజ్ బదులు సీమ్స్ పెట్టినా తెలుస్తుంది. "ది స్టోరీ సీమ్స్ ఇంటరెస్టింగ్" సరిపోయింది. "షి సీమ్స్ టీచింగ్" కుదరదు.

కాబట్టి కథ వాక్యంలో ఈజ్ లింకింగే. ఐఎన్‌జీని చూసి మోసపోకూడదని ఈ రాత్రి నాకూ తెలిసింది.

పర్లాకిమిడి మాస్టారు
రాత్రి 10:19

భేష్.

జయపురం కిరాణా
సోమవారం, ఉదయం 6:30

దుకాణం తీసే ముందు ఒక సందేహం. మా తలుపుకు "షాప్ ఈజ్ క్లోజ్డ్" అనే బోర్డు ఇరవై ఏళ్లుగా వేలాడుతోంది. నిన్న రాత్రి ఇదంతా చదివాక దాన్ని చూస్తే నిద్ర పట్టలేదు. క్లోజ్డ్ అనేది మూసే పనా, మూసి ఉన్న స్థితా? నేను మూశాను కాబట్టి పని అనిపిస్తుంది. పొద్దున చూస్తే అలాగే ఉంది కాబట్టి స్థితి అనిపిస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు
సోమవారం, ఉదయం 7:20

మీకు నిద్ర పట్టకపోవడంలో న్యాయం ఉంది. ఇంగ్లిషు పండితులు కూడా ఇక్కడ తడబడతారు.

మీ బోర్డులోది స్థితి. తెలుగులో "దుకాణం మూసి ఉంది" అంటాం. అక్కడ క్లోజ్డ్ విశేషణం, ఈజ్ లింకింగ్. ఇప్పుడు దీన్ని చూడండి: "ది షాప్ వాజ్ క్లోజ్డ్ బై ది పోలీస్ ఎట్ నైన్." తొమ్మిదింటికి పోలీసులు వచ్చి మూసేశారు. ఎవరు చేశారో ఉంది, ఎప్పుడు చేశారో ఉంది, అది పని. క్లోజ్ అసలు క్రియ, వాజ్ హెల్పింగ్. దీన్నే కర్మణి వాక్యం అంటాం. "ది షాప్ వాజ్ క్లోజ్డ్ ఆల్ డే" అంటే మళ్లీ స్థితి. రోజంతా ఎవరూ తలుపులు మూస్తూనే ఉండరు కదా.

ఏ ఆధారమూ లేకుండా "ది షాప్ వాజ్ క్లోజ్డ్" అని మాత్రమే పరీక్షలో ఇస్తే, రెండు జవాబుల్లో ఏది రాసినా మార్కు వేయాలి. అలాంటి ప్రశ్న ఇచ్చినవారిదే పొరపాటు.

కొరాపుట్ కోడలు
సోమవారం, ఉదయం 11:35

వంట అయింది, ఇప్పుడు నా వంతు. పుట్టిల్లు విజయనగరం, మెట్టినిల్లు కొరాపుట్. ఇక్కడ ఎండాకాలం ఎవరింటికి వెళ్లినా పఖాళ పెడతారు. తెలియనివారికి చెబుతున్నాను, అది మన చద్దన్నానికి తోబుట్టువు. అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా పులియనిస్తారు. మా అబ్బాయి దాని మీద వ్యాసం రాస్తూ "ఇట్ టేస్ట్స్ సోర్లీ" అని పెట్టాడు. సోర్ అని రాయాలి నాన్నా అంటే, "వెర్బ్ పక్కన ఆడ్వెర్బే రావాలి. పుల్లగాలో 'గా' ఉంది కదా. 'గా' ఉంటే చివర ఎల్‌వై పెట్టాలి" అని నాకే పాఠం చెప్పాడు.

ఆలోచిస్తే వాడిది తప్పు కాదనిపించింది. తప్పు మన 'గా'ది.

నాన్న కోపంగా ఉన్నారు. నాన్న కోపంగా చూశారు. తెలుగులో రెండు చోట్లా అదే కోపంగా. ఇంగ్లిషు ఒప్పుకోదు. "ఫాదర్ ఈజ్ యాంగ్రీ" అన్నప్పుడు కోపం నాన్నది. "ఫాదర్ లుక్డ్ ఎట్ మి యాంగ్రిలీ" అన్నప్పుడు కోపం చూపుది. మనిషికి తగిలే మాట విశేషణం, పనికి తగిలే మాట క్రియావిశేషణం. మన 'గా' రెండిటికీ ఒకే గొడుగు పడుతుంది.

ఇంకొకటి ఉంది, అది నాకు మరీ ఇష్టం. "ఫాదర్ లుక్డ్ యాంగ్రీ." ఇక్కడ నాన్న ఎవరినీ చూడలేదు. మనమే ఆయన్ను చూశాం. ఆయన కోపంగా కనిపించారు. ఎల్‌వై పోగానే చూసేవాళ్లు మారిపోయారు!

ఇలాంటి చోట తెలుగే సాయపడుతుందని వాడికి చెప్పాను. ఇంగ్లిషులో లుక్ ఒకటే మాట. మనకు చూడటం వేరు, కనిపించడం వేరు. వాళ్లకు స్మెల్ ఒకటే. మనకు వాసన చూడటం వేరు, వాసన వేయడం వేరు. "షి స్మెల్స్ ది ఫ్లవర్" అంటే ఆమె పువ్వు వాసన చూస్తోంది, అది పని. "ది మిల్క్ స్మెల్స్ బ్యాడ్" అంటే పాలు పాడైన వాసన వేస్తున్నాయి. పాలకు ముక్కు లేదు, కాబట్టి లింకింగ్. "షి టేస్టెడ్ ది కర్రీ" రుచి చూసింది, పని. "ది కర్రీ టేస్ట్స్ సోర్" కూర పుల్లగా ఉంది, లింకింగ్. "ది మిల్క్ టర్న్డ్ సోర్" పాలు పులిశాయి, లింకింగ్. "షి టర్న్డ్ ది కీ" తాళంచెవి తిప్పింది, పని. ఇంగ్లిషు క్రియకు తెలుగులో రెండు వేరు మాటలు కావలసి వచ్చిందంటే, అది రెండు కొలువులు చేస్తోందని గుర్తు.

ఈ మధ్యాహ్నం వాడు "ది పఖాళ స్మెల్స్ మి" అని రాయకుండా ఉంటే చాలు.

రాయగడ రైలు
సోమవారం, మధ్యాహ్నం 1:02

కోడలమ్మా, చూపు కోపం, మనిషి కోపం అని విడదీసి చెప్పారు చూడండి, ఇది నాకు బడిలో ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇంగ్లిషులో గట్టెక్కేవాణ్ని.

పర్లాకిమిడి మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 2:40

కోడలుగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. దాంతో గందరగోళం సగం తగ్గుతుంది.

టేస్ట్, స్మెల్, లుక్, ఫీల్, సౌండ్, సీమ్, బికమ్, రిమైన్: ఇవి లింకింగ్ కావచ్చు, కొన్ని మామూలు క్రియలు కావచ్చు. హెల్పింగ్ మాత్రం కావు. కెన్, విల్, మస్ట్ లాంటి తొమ్మిదీ, డు, హావ్: ఇవి హెల్పింగ్ అవుతాయి. లింకింగ్ మాత్రం కావు. "ఐ హావ్ ఎ కౌ" అన్నప్పుడు హావ్ కలిగి ఉండటం అనే మామూలు క్రియ. నేనూ ఆవూ ఒకటని దాని అర్థం కాదు.

ఇక అటూ ఇటూ తిరిగేది ఒక్క బి కుటుంబమే. బరంపురం అమ్మాయి చెప్పిన మొదటి ఎనిమిది మాటలే. పిల్లలు జాగ్రత్త పడవలసింది ఈ ఎనిమిదింటి దగ్గర. మిగతా చోట ప్రశ్న పుట్టదు.

మల్కాన్‌గిరి మౌని
సోమవారం, సాయంత్రం 5:15

ఇన్ని పేర్లెందుకు? నేను మూడు రాష్ట్రాల సరిహద్దులో పనిచేస్తాను. తెలుగు, ఒడియా, హిందీ, కొంచెం కోయ, అవసరానికి ఇంగ్లిషు. ఏ భాషలోనూ లింకింగ్ ఏదో హెల్పింగ్ ఏదో ఎవరూ అడగలేదు. మాట్లాడితే వస్తుంది. పిల్లలను ఈ పేర్లతో చంపకండి.

ట్యూషన్ అక్క, పర్లాకిమిడి
సోమవారం, సాయంత్రం 6:03

మౌనిగారూ, నాలుగు భాషలు చెవితో పట్టినవారు మీరు. మా ట్యూషన్‌కు వచ్చే పిల్లలకు ఇంగ్లిషు చెవిన పడేది గంటే. మిగతాది పుస్తకమే. పేర్లు వద్దంటే సరే, తేడా తెలియకపోతే ఏమవుతుందో వినండి.

నా దగ్గర పదహారు మంది. అందరూ ఒకే తప్పు చేస్తారు. "ఐ యామ్ గో టు స్కూల్." "ఐ యామ్ లైక్ మ్యాంగో." మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత అర్థమైంది, వాళ్ల మనసులో ఐ అంటే నేను కాదు, ఐయామ్ అంటే నేను. "ఐ యామ్ ఎ బాయ్, నేను బాలుడను" అని మొదటి రోజు నేర్పింది మనమే. నాలుగు ఇంగ్లిషు మాటలకు తెలుగులో రెండే ఉన్నాయి. యామ్ ఎక్కడికి పోయిందో మనం చెప్పలేదు. పిల్ల దాన్ని ఐకి అతికించేసింది.

నిజానికి యామ్ మన దగ్గర కూడా ఉంది. "బాలుడను"లో చివరి "ను" అదే. నేను టీచర్ని, నువ్వు మంచివాడివి, మేము తెలుగువాళ్లం. ఆ ని, వి, ం కర్తను పట్టి ఇస్తున్నాయి. "ఆమె టీచర్" అన్నప్పుడు అదీ ఉండదు, రెండు మాటలు పక్కపక్కన కూర్చుంటే చాలు. మన భాషలో వంతెన కనబడదు. అందుకే లింకింగ్ వెర్బ్ అంటే పిల్లలకు గాల్లో మాటలా ఉంటుంది.

హెల్పింగ్ మాత్రం కనబడుతుంది. "వస్తూ ఉంది" అంటాం, అది అరిగి "వస్తోంది" అయింది. ఆ ఉంది హెల్పింగ్. "పుల్లగా ఉంది"లో ఉంది లింకింగ్. అంటే బి కుటుంబం లాగే మన ఉంది కూడా రెండు కొలువులు చేస్తోంది. ఒడియా పిల్లలకు ఇంకా తేలిక. "సే ఘరే అచ్ఛి" అంటే ఆమె ఇంట్లో ఉంది. "సే ఆసుఛి" అంటే వస్తోంది. ఆ అచ్ఛి ఈ ఆసుఛిలో కలిసిపోయింది. మా పిల్లలకు రెండూ వచ్చు కాబట్టి రెండూ పలకమంటాను.

ఈ మధ్య నేను కనిపెట్టిన చిట్కా ఒకటి చెబుతాను, మాస్టారు తప్పుంటే దిద్దాలి. ఇంగ్లిషు వాక్యాన్ని తెలుగులో కాదనిపించండి. "ఆమె టీచర్ కాదు." కాదు వస్తే లింకింగ్. "ఆమె రావడం లేదు." లేదు వస్తే హెల్పింగ్. ఒడియాలోనూ అంతే. టీచర్ కాదనడానికి నుహేఁ, రావడం లేదనడానికి నాహిఁ.

కొరాపుట్ కోడలు
సోమవారం, సాయంత్రం 6:20

చిట్కా బాగుంది కానీ నా వంటగదిలో పగిలిపోయింది అక్కా. "కూర పుల్లగా లేదు." లేదు వచ్చింది. కానీ "ది కర్రీ ఈజ్ నాట్ సోర్"లో ఈజ్ లింకింగే కదా?

ట్యూషన్ అక్క, పర్లాకిమిడి
సోమవారం, సాయంత్రం 6:26

అయ్యో. పదహారు మందికి చెప్పేశాను.

పర్లాకిమిడి మాస్టారు
సోమవారం, రాత్రి 8:10

సగం చిట్కా మిగిలింది, పారేయకండి. అవతల పేరు ఉన్నప్పుడు కాదు వస్తుంది, అది నిస్సందేహంగా లింకింగ్. "ఆమె ఉద్యోగం బోధన కాదు": చూశారా, గుణుపురం పాప వాక్యానికి కాదే వచ్చింది. లేదు వచ్చినప్పుడు మాత్రం ఆగి, దాని ముందు ఏముందో చూడాలి. "రావడం లేదు" అంటే ముందు పని ఉంది, హెల్పింగ్. "పుల్లగా లేదు" అంటే గుణం, "ఇంట్లో లేదు" అంటే చోటు. ఈ రెంటికీ బడి లెక్కలో లింకింగే. పదహారు మందికీ రేపు ఈ మిగతా సగం చెప్పండి.

ప్రశ్న వేసినప్పుడు ముందుకు వచ్చేది హెల్పింగ్ అని కొందరు చెబుతారు, దాన్నీ నమ్మకండి. "ఈజ్ షి కమింగ్?" అన్నప్పుడు హెల్పింగ్ ఈజ్ ముందుకు వచ్చింది. "ఈజ్ షి ఎ టీచర్?" అన్నప్పుడు లింకింగ్ ఈజ్ కూడా వచ్చింది. నాట్‌ను నేరుగా పక్కన పెట్టుకోవడంలోనూ ఇద్దరిదీ ఒకటే నడక. మిగతా లింకింగ్ క్రియలకు ఆ దర్జా లేదు. "టేస్ట్స్ ఇట్ సోర్?" అనరు, "డజ్ ఇట్ టేస్ట్ సోర్?" అని డజ్‌ను పిలుచుకోవాలి. ఈ నడక చూసే ఆధునిక వ్యాకర్తలు కొందరు ఈజ్ ఎక్కడ ఉన్నా సహాయక క్రియల వర్గంలోనే వేస్తారు. వారి లెక్క వేరు, బడి లెక్క వేరు. పిల్లలకు ఇప్పుడే అది ఎత్తకండి.

మౌనిగారూ, మీ కోపం నాకు నచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల మాట పుస్తకాల్లో లేకపోతే సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. మీరన్నట్టు చెవితోనే. కానీ నేర్చుకున్నాక ఆ భాషకు వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయింది. మాట ముందు, పేరు వెనక. వెనకైనా పేరు పెట్టారు, లేకపోతే తర్వాతివారికి అందేది కాదు.

జయపురం కిరాణా
సోమవారం, రాత్రి 8:31

మాస్టారూ, ఊరి పేరు పర్లాకిమిడి అని రాస్తున్నారు. రైల్వే బోర్డు మీద వేరేలా ఉంటుంది కదా?

ట్యూషన్ అక్క, పర్లాకిమిడి
సోమవారం, రాత్రి 8:34

బోర్డు మీద పారలాఖెముండి. మా ఇంట్లో పర్లాకిమిడి. మా తాతగారు మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, ఊరు కదలకుండానే, ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1న ఒడిశా మనిషి అయ్యారు.

రాయగడ రైలు
సోమవారం, రాత్రి 8:37

ఆ "అయ్యారు" బికేమ్, లింకింగ్. "ఇంట్లో మాత్రం తెలుగువారుగానే ఉండిపోయారు" అంటే రిమైన్డ్, అదీ లింకింగ్. చూశారా, నేర్చేసుకున్నాను.

వేదిక నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 8:50

ఊర్ల పేర్ల చర్చ మొదలైతే తెల్లవారుతుందని అనుభవం. దానికి వేరే శీర్షిక ఉంది. ఇక్కడ క్రియలే.

రాయగడ రైలు
సోమవారం, రాత్రి 9:20

సరే, క్రియలే. డ్యూటీ దిగాక కూర్చుని మా బండ్ల మీద రాశాను. మాస్టారు దిద్దాలి.

"ది ట్రైన్ ఈజ్ లేట్." ఈజ్ లింకింగ్.
"ది ట్రైన్ ఈజ్ రన్నింగ్ లేట్." ఈజ్ హెల్పింగ్, నడిచేది రన్.
"ది ట్రైన్ హ్యాజ్ బీన్ క్యాన్సిల్డ్." హ్యాజ్, బీన్ రెండూ హెల్పింగ్. రద్దు చేయడం పని.
"ది ట్రైన్ హ్యాజ్ బీన్ లేట్ ఆల్ వీక్." ఇక్కడ చిక్కు. హ్యాజ్ హెల్పింగ్, బీన్ లింకింగ్ అని రాశాను. ఒకే జంటలో ఒకరు అటు, ఒకరు ఇటు ఉండవచ్చా?

పర్లాకిమిడి మాస్టారు
సోమవారం, రాత్రి 9:44

ఉండవచ్చు. నాలుగూ సరే. హ్యాజ్ సాయం చేస్తున్నది ఆ బీన్‌కే. సాయం అందుకున్న బీన్ అసలు క్రియ, అది బండిని ఆలస్యానికి కలిపింది. వరుసలో చివరన ఉన్న క్రియను పట్టుకోండి, దాని ముందున్నవన్నీ తోడు వచ్చినవే. చివరిది బి కుటుంబానిది అయితే లింకింగ్.

గుణుపురం అమ్మ
బుధవారం, సాయంత్రం 5:40

రెండు రోజులు రాలేకపోయాను, ఇంటికి చుట్టాలు వచ్చారు. జరిగినది చెబుతాను.

నేను బడికి వెళ్లలేదు. పిల్ల చిన్న కాగితం మీద "టీచింగ్ ఈజ్ హర్ జాబ్" అని ఒక వరుస, "టీచింగ్ ఈజ్ షి" అని ఇంకో వరుస రాసుకుని తనే వెళ్లి చూపించిందట. ఉపాధ్యాయిని చదివి, కాసేపు ఏమీ అనలేదట. తర్వాత మార్కుల రిజిస్టరు పైకి వెళ్లిపోయిందని చెప్పి, కాగితం మాత్రం తన పుస్తకంలో పెట్టుకున్నారట. ఈ రోజు తరగతిలో నల్లబల్ల మీద "మై హాబీ ఈజ్ స్విమ్మింగ్", "మై బ్రదర్ ఈజ్ స్విమ్మింగ్" పక్కపక్కన రాసి తేడా అడిగారట. మార్కు రాలేదు. పిల్ల మాత్రం రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఇప్పుడు కొత్త ప్రశ్నతో వచ్చింది. "హి ఈజ్ బీయింగ్ రూడ్." రెండూ బి కుటుంబమే. చివరిది పట్టుకోమన్నారు కాబట్టి బీయింగ్ లింకింగ్, ఈజ్ హెల్పింగ్ అంటోంది. నిజమేనా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు
బుధవారం, సాయంత్రం 6:15

నూటికి నూరు పాళ్లూ. ఒకే కుటుంబంలో తమ్ముడు సాయం చేస్తుంటే అన్న వంతెన కట్టాడు. అర్థం కూడా చెప్పండి: "హి ఈజ్ రూడ్" అంటే అతను దురుసు మనిషి. "హి ఈజ్ బీయింగ్ రూడ్" అంటే స్వభావం ఎలాంటిదైనా, ఈ పూట కావాలని దురుసుగా ప్రవర్తిస్తున్నాడు.

రాయగడ రైలు
బుధవారం, సాయంత్రం 6:22

అయితే "ది ట్రైన్ ఈజ్ బీయింగ్ లేట్" అనవచ్చా?

పర్లాకిమిడి మాస్టారు
బుధవారం, సాయంత్రం 6:30

అనకూడదు. బండి కావాలని ఆలస్యం చేయదు.

కొరాపుట్ కోడలు
బుధవారం, సాయంత్రం 6:33

మాస్టారు ఈ మధ్య రైలెక్కినట్టు లేరు.